విబూది మీద మోపిన నింద

ఎదుటివాడి నమ్మకానికి సాక్ష్యం చూపమని నిలదీసే మీరు, మీ చేతికి చిక్కిన సాక్ష్యాన్ని ఎప్పుడైనా జేబులో దాచుకున్నారా? నేను దాచుకున్నాను. పదకొండేళ్లుగా మోస్తున్నాను. బరువెంతంటారా? అరచేయంత చిరిగిన కాగితం. వేదికల మీద గొంతు చించుకునే నేను దాని ముందు మాత్రం మూగవాణ్ని. ఇవాళ చెప్పేయాలని నిశ్చయించుకున్నాక, పొద్దుటి నుంచీ ఒకటే హుషారుగా ఉంది.

మా హేతువాద సభలకు నన్ను తన పాత పికప్ బండిలో తిప్పేది ఓబులేసు. టమోటా బుట్టలు, మైకు పెట్టెలు, నేను, అన్నీ ఒకే బండిలో. డ్యాష్‌బోర్డు మీద అతను మహానంది నుంచి తెచ్చిన విబూది పొట్లం. దాని కింద అరలో నేను కుక్కిన కరపత్రాల కట్ట. రోజూ వాదించుకునేవాళ్లం. రోజూ కలిసి తినేవాళ్లం.

ఒక వానాకాలం పొద్దున నల్లమల ఘాట్ ఎక్కుతున్నాం. అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టింది. ఓబులేసు హీటర్ తిప్పాడు. అద్దం మీదికి గాలి తోలే బ్లోయర్ కటకటమని కొట్టుకుని ఆగిపోయింది. ముందు దారి కనిపించదు. అతను బండి తోలుతుంటే నేను తువ్వాలుతో అద్దం తుడుస్తూ కూర్చున్నాను. అలాగే వెనక్కి తిప్పుకుని నంద్యాలలో మెకానిక్ మస్తాన్ దగ్గరికి చేరాం.

దారి పొడుగునా నేను తీర్పు చెబుతూనే వచ్చాను. విబూది సందుల్లోంచి జారి మోటారులో పడిందని, భక్తి చివరికి బండిని కూడా వదలలేదని. పరీక్షించానా? లేదు. చూశానా? లేదు. మరి ఎలా తెలిసింది? అలా ఉంటే బాగుండునని కోరుకున్నాను, అంతే.

మస్తాన్ మాత్రం ఒక వరసలో చూసుకుంటూ వచ్చాడు. ఫ్యూజు బాగుంది. స్విచ్చు బాగుంది. బ్యాటరీ నుంచి నేరుగా తీగ తగిలిస్తే మోటారు వణికి ఆగింది. మోటారు బతికే ఉందని, ఫ్యానుకు ఏదో అడ్డం పడిందని చెప్పి, అర ఊడదీసి మధ్యాహ్నం నమాజుకు వెళ్లాడు. తాను వచ్చేదాకా చెయ్యి పెట్టవద్దన్నాడు. ఓబులేసు టీ తేవడానికి పోయాడు.

నేను చెయ్యి పెట్టాను. ఫ్యాను రెక్కలకు కాగితం చుట్టుకుని ఉంది. లాగాను. నా కరపత్రమే. అర వెనక సందులోంచి గాలి దాన్ని లోపలికి లాక్కుంది. కింది సగం తునకలైంది గానీ, నేను పెట్టిన శీర్షిక చెక్కుచెదరలేదు. ‘కారణం వెతకండి.’

నవ్వాల్సింది. వాళ్లిద్దరికీ చూపించి, ముగ్గురం పొట్ట పట్టుకుని నవ్వాల్సింది. నా చెయ్యి జేబులోకి పోయింది.

వాళ్లొచ్చి తీగ తగిలించేసరికి బ్లోయర్ హాయిగా తిరిగింది. విబూది దులిపానని చెప్పాను.

“పొట్లం విప్పనే లేదు గదా సార్, ఇబూది యాడ కారింటాది?” అన్నాడు ఓబులేసు.

“చిటికెడు చాలప్పా. మనుషుల బుర్రలు చెడిపోయేదానికి చాలడం లేదా?”

అతను టీ గ్లాసు నా చేతికిస్తూ నవ్వాడు. “అట్లయితే మా శివుడు శానా గట్టోడే సార్. మీ ఉపన్యాసాలకు ఆగని బండిని చిటికెడుతో ఆపినాడు.”

మస్తాన్ నవ్వలేదు. ఫ్యాను మీద వేలు రుద్ది, బూడిద అంటని ఆ వేలిని నాకొక్కడికే చూపించి, మరలు బిగించాడు.

ఆ తర్వాత ఆదోని నుంచి కడప దాకా ప్రతి వేదిక మీదా ఆ విబూది కథే చెప్పాను. జనం బాగా నవ్వేది దానికే. వెనక నిలబడి ఓబులేసూ నవ్వేవాడు. ఊళ్లో అతనికి ‘ఇబూది ఓబులేసు’ అని పేరు పడిపోయింది. బండికి చెరుపు చేయకూడదని పొట్లాన్ని ఆ రోజే తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఇన్నేళ్ల నా వాదానికి కళ్లముందు మారిన మనిషి అతనొక్కడే. అదీ అబద్ధం వల్ల.

విబూదికి మహిమ లేదని ఇప్పటికీ అంటాను. నేరమూ లేదని ఆనాడే అనాల్సింది. ఎందుకు అనలేకపోయాను? వాదంలో ఓడిపోతాననా? కాదు. ఒక్క పూట, టీ తాగినంత సేపు, అతని ముందు తెలివితక్కువవాడిగా నిలబడలేకపోయాను. అతన్ని మాత్రం పదకొండేళ్లు నలుగురి మధ్య అలా నిలబెట్టాను.

ఓబులేసు ఏమంటాడో తెలియదు. క్షమిస్తాడని రాయడం లేదు. రాస్తుంటే మాత్రం ఆవిరి పోయిన అద్దంలోంచి ఘాట్ రోడ్డు చూసినట్టుంది. మలుపులన్నీ అక్కడే ఉన్నాయి, కానీ కనిపిస్తున్నాయి.

వచ్చే ఆదివారం ప్రొద్దుటూరులో సభ. నన్ను తీసుకొచ్చేది ఓబులేసే, అదే బండిలో. కాగితం నా జేబులో ఉంటుంది. వేదిక ఎక్కితే పాత నవ్వుల మీద మళ్లీ మోజు పుట్టవచ్చు, నన్ను నమ్మకండి. ఓబులేసును ముందు వరసలో కూర్చోబెట్టండి. నేను నోరు తెరవకముందే లేచి నిలబడి అడగండి: “ఫ్యానులో దొరికింది ఏమప్పా? తీసి చూపించు.”