గురువారమే కదిలిన ఓడ

2009 ఏప్రిల్ 16, గురువారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు బహ్రెయిన్‌లో, జల్లాఖ్ ఊరి ఇంట్లో ఫోను మోగింది. పెద్ద సారు ఎత్తి, తన భాషలో నాలుగు ముక్కలు మాట్లాడి పెట్టేశారు. తరువాత వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"అమ్మా, సామాన్ ఈరోజు రాదట. రేపు పొద్దున," అన్నారు.

సామాను అంటే ఓడ ఇంజనుకు కావలసిన కొత్త పంపు. రేపంటే శుక్రవారం. శుక్రవారం నాడు ఆయన ఓడ కదలదు. యాభై తొమ్మిదేళ్లలో ఒక్కసారీ కదలలేదు. అలాగని శుక్రవారం కదలకపోతే ఆ ఓడ ఇక ఎప్పటికీ కదలదు.

సారు డెన్మార్క్ మనిషి. నేను 2002 నుంచి ఆ ఇంట్లో వంట చేస్తున్నాను. మా జగిత్యాల వైపు గల్ఫ్ అంతా దుబాయే కనుక, బహ్రెయిన్‌లో ఉన్నానని ఎంత చెప్పినా మావాళ్లకు నేను దుబాయిలో ఉన్నట్టే లెక్క. సారు హిందీ ఓడల మీద నేర్చుకున్నది, నా హిందీ క్యాంపు మెస్సుల్లో నేర్చుకున్నది. రెండూ కుంటివే. ఒకదాన్నొకటి ఆనుకుని ఏడేళ్లు బాగానే నడిచాయి.

ఆదివారాలు ఆయనే వంటింట్లో కూర్చుని బంగాళాదుంపల చెక్కు తీసేవారు. నేను తీసిన చెక్కు వెలుతురుకు పట్టి చూసి, మందంగా ఉందని వంక పెట్టేవారు. ఆయన కథంతా ఆ దుంపల దగ్గరే విన్నాను. పుట్టింది 1923లో, చిన్న దీవిలో. తండ్రికి ఇటుకలు మోసే ఒంటి తెరచాప పడవ ఉండేది. "పద్నాలుగేళ్లకు, 1936లో ఓడెక్కాను. దుంపలు చెక్కే పని," అన్నారొకసారి.

"పదమూడవుతుంది సాబ్," అన్నాను.

"మా అమ్మ కెప్టెన్‌కు పద్నాలుగని చెప్పింది. కెప్టెన్ నీలాగ లెక్కపెట్టలేదు," అని పెద్దగా నవ్వారు.

1950లో సగం మునిగి ఉన్న చెక్క ఓడను ఎవరికీ అక్కర్లేదంటే కొన్నారు. నీళ్లు తోడి, చీలికల్లో నార కుక్కి, తారు పూసి తేల్చారు. పదేళ్లకు పదకొండు ఓడలు. 1974లో బహ్రెయిన్‌లో ఆఫీసు తెరిచేనాటికి నలభై రెండు. వాళ్ల దేశంలో పేరుమోసిన ధనవంతుల్లో ఆయనొకరని డ్రైవరు భాయ్ చెప్పేవాడు. నేను చూసింది మాత్రం చిరిగిన సాక్సు తానే కుట్టుకునే మనిషిని. ఆయనకు రెండు నియమాలు. ఓడ బయల్దేరే రోజు యజమాని ఓడెక్కి, పనివాళ్ల పక్కన కూర్చుని వాళ్ల తిండే తినాలి. శుక్రవారం ప్రయాణం మొదలుపెట్టకూడదు.

కంపెనీని కూతురికి అప్పగించి, చనిపోయిన భార్య పేరున్న ఓడ ఒక్కటి తన దగ్గర ఉంచుకున్నారు. 2008 చివర సరుకులు లేక ఓడలన్నీ ఆగిపోయాయి. ఈయన ఓడ సిత్రా రేవు బయట లంగరు వేసి ఐదు నెలలు ఊరికే నిలబడింది. దాన్ని తుక్కుకు అమ్మేస్తామంది కూతురు. ఒక్క సరుకు దొరికితే నడుస్తుందని సారు పట్టుబట్టి, తానే తిరిగి సరుకు సంపాదించారు. దాన్ని ఎక్కించుకోవడానికి శనివారం సాయంత్రం ఆరులోపు ఓడ దుబాయి రేవులో ఉండాలి. ఇది నిజం దుబాయే. ఆలస్యమైతే వ్యాపారి వద్దనవచ్చు. అప్పుడిక ఓడ తుక్కుకే.

"పాత పంపుతో ఓడ నడవదా సాబ్?"

"మైలు దూరం పాకుతుంది. సముద్రం దాటలేదు."

నేను పాలు దించి, చెప్పనా వద్దా అని ఆలోచించి, చెప్పాను. మా దగ్గర ప్రయాణం నాడు మంచిరోజు కాకపోతే, ముందే మంచి ఘడియలో ఒక మూట గడప దాటించి పక్కింట్లో పెడతారు. దాన్ని పరస్థానం అంటారు. మూట దాటితే మనిషి బయల్దేరినట్టే. మర్నాడు పోయినా దోషం లేదు. షరతు ఒక్కటే, దాటిన మూట వెనక్కి రాకూడదు.

సారు బల్ల మీద అరచేత్తో చరిచారు.

"మా నాన్న! గురువారం సాయంత్రం తాడు విప్పి, రేవు మూతి దాకా పోయి ఆగేవాడు. శుక్రవారం ముందుకు. ఎలా మర్చిపోయాను! మూట ఎందుకమ్మా? ఓడనే దాటిద్దాం."

"ఒంటిగంటన్నర లోపల సాబ్. ఆ తరువాత రాహుకాలం."

"అదెవరు?"

"మీ శుక్రవారానికి తమ్ముడు."

పందొమ్మిది మందికి అన్నం, చింతపండు వేసి చేపల పులుసు వండాను. పదకొండున్నరకు భాయ్ మమ్మల్ని సిత్రా చేర్చాడు. లాంచీలో ఓడ దగ్గరికి వెళ్లాం. ఓడలో పనివాళ్ల పెద్ద అయిన సరంగుది శ్రీకాకుళం తీరం. అన్నం, పులుసు ఉన్న గంజులు పైకి లాగుతూ అరిచాడు.

"ఏటప్పా, పెళ్లి బోజనాలేటి?"

"పెండ్లి గాదు తమ్మీ, పరస్థానం."

"ఓడకేటి? ఓలమ్మో! మా తాతలు కూడా ఇనలేదు!"

"ఇప్పుడు విన్నవ్ గద. తిను, తిని లంగరు లేపు."

సారు తాళ్ల చుట్ట మీద కూర్చుని, చేత్తో కలుపుకుని, అందరికంటే ముందు పళ్లెం ఖాళీ చేశారు. పన్నెండూ యాభైకి లంగరు గొలుసు పైకి రావడం మొదలైంది. తుప్పు పొడి ఎర్రగా లేచింది. ఉన్నట్టుండి ఓడంతా ఒక్క కుదుపుతో అదిరింది. గొలుసు తేలిగ్గా, గలగలమంటూ పైకి వచ్చేసింది.

సరంగు వంగి చూశాడు. "సారూ, గొలుసు తెగిపోనాది. లంగరు అడుగునే ఉండిపోనాది!"

కెప్టెన్ ఇంజను ఆపమన్నాడు. వెనక్కి పోయి, గజ ఈతగాళ్లను పిలిపించి వెతికిద్దామన్నాడు. ఆయన చెప్పింది సబబైన మాటే. కానీ ఈతగాళ్లు వచ్చేసరికి సాయంత్రమవుతుంది.

"ఎనక్కెల్తే పరస్థానం సెడిపోద్ది. నానైతే సుక్కాని తిప్పనివ్వను," అన్నాడు సరంగు.

"రెండు టన్నుల లంగరయ్యా అది!" అన్నాడు కెప్టెన్.

అందరూ సారు వైపు చూశారు. ఆయన నా వైపు చూశారు. వెనక్కి వద్దని నేను తల అడ్డంగా ఊపాను.

"కుడివైపు లంగరు ఉంది కదా," అన్నారు సారు. "ముందుకే. యల్లా, పదండి!"

ఎనభై ఆరో ఏట ఆయనకు అంత గొంతు ఉందని నాకప్పుడే తెలిసింది. పందొమ్మిది మందీ ఆ కేకను అందుకున్నారు. ఓడ దగ్గుతూ, పొగ కక్కుతూ మైలు దూరం నడిచింది. ఒంటిగంటా ఇరవైకి రెండో లంగరు నీళ్లలో పడింది. రాహుకాలానికి ఇంకా పది నిమిషాలుంది.

శుక్రవారం పొద్దున పంపు వచ్చింది, బిగించారు. పది దాటి ఐదు నిమిషాలకు ఓడ వెళ్లింది. శనివారమంతా సారు ఏమీ తినలేదు. సాయంత్రం ఐదూ నలభైకి ఫోను మోగింది. కూతురు. సారు విని, ఫోను నాకు ఇచ్చారు. ఆమె ఇంగ్లీషులో మెల్లగా, నాకు అర్థమయ్యేలా చెప్పింది: "ఓడ చేరింది. మా నాన్న గెలిచాడు. ఇక ఆ ఓడ జోలికి నేను రాను."

సారు వాకిట్లోకి వెళ్లి, తన దేశపు ఎర్ర, తెల్ల జెండాను స్తంభం చివరిదాకా లాగి, సాయంత్రపు ఎండలో టోపీ లేకుండా నిలబడ్డారు. తరువాత వచ్చి రెండు పళ్లేల అన్నం తిన్నారు. 2011 ఫిబ్రవరిలో ఆయన పోయేనాటికి కూడా ఆ ఓడ సరుకులు మోస్తూనే ఉంది.

ఆ గురువారం పోయినవి ఇవి. ఎడమవైపు లంగరు ఒకటి. దానితో తెగిన గొలుసు, పదిహేను గజాలు. కుదుపుకు జారి సముద్రంలో పడిన నా పెద్ద స్టీలు గంజు, అందులో నలుగురికి సరిపడే పులుసు. సారు చదువుకునే కళ్లజోడు. మనుషులెవరూ పోలేదు.