మధ్యలో ఆపి అడిగిన అక్క

ఆమె దగ్గర కట్టు కట్టడం నేర్చుకుని ఈ రోజు గిద్దలూరులోనూ దొనకొండలోనూ యర్రగొండపాలెంలోనూ నర్సమ్మలని పిలిపించుకుంటున్న తల్లులారా, శుక్రవారం ఆమెను సమాధి చేసినప్పుడు మీరెక్కడ ఉన్నారు? మిమ్మల్నే అడుగుతున్నాను. మార్కాపురం ఆస్పత్రి నర్సుల బడిలో కొత్తపిల్లలకు చదువు ఎట్లా చదవాలో నేర్పిన అక్క చనిపోయింది. ఛాతీ జబ్బు. ఏ వార్డులో పిల్లలకు నాడి చూడడం నేర్పిందో ఆ వార్డులోనే మూలమంచం మీద పోయింది. సమాధి దగ్గరికి వచ్చినవాళ్లం తొమ్మిదిమందిమి.

నేను దొనకొండ స్టేషన్ దగ్గర దేవుని వాక్యం చెప్పి రైలు కోసం నిలబడి ఉండగా ఆస్పత్రి కాంపౌండరు కనబడి ఈ కబురు చెప్పాడు. రైలెక్కి మా వేదం బైబిలు తెరిచాను. ఎండిన ఎముకల లోయ దగ్గర తెరుచుకుంది. ఆ ఎముకలకు ఊపిరి వచ్చిందని ఈ తాలూకా అంతా తిరిగి గొంతు చించుకుని చెప్పినవాణ్ణి నేను. ఆ రోజు ఎన్నిసార్లు చదివినా ఎముకల దగ్గరే ఆగిపోయాను.

రాష్ట్రం వచ్చింది, రాజధాని మన కర్నూలుకే వచ్చింది, ఇక మన పల్లెల ఆడపిల్లలు నర్సమ్మలై ఊరూరా తిరుగుతారని చెప్పింది కూడా నేనే. నా మాట నమ్మి గొర్లు కాసే ఇళ్లనుంచీ మెట్టసేద్యం చేసే ఇళ్లనుంచీ ఈ ఏడు పదిమంది పిల్లలు బడిలో చేరారు. అందులో ఒకతె నా చెల్లెలి కూతురు. మూడు నెలలు చూసి, పరీక్ష పెట్టి, తప్పినవాళ్లను ఇంటికి పంపడం ఆ బడి పద్ధతి. పంపితే మళ్లీ చేర్చుకోరు. పిల్ల నాయన ముందే చెప్పాడు, తప్పి వస్తే మంద వెంట పోవడమేనని, ఇంకో మాట లేదని.

నేను బడి మెట్లు ఎక్కలేదు. వేదంలోనే అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. అధ్యాయాలకు అధ్యాయాలు రాగంతో కంఠతా పట్టాను. ఆదివారం బడి పిల్లలకూ అట్లాగే పట్టించాను. ఊగుతూ చెప్పాలి, ఎక్కడా ఆగకూడదు, అదే చదువు అనుకున్నాను. మన పిల్లలు నర్సుల బడిలో ఇంగ్లీషు నోట్సును కూడా ఆ పద్ధతిలోనే పట్టారు. జ్వరం పాఠానికి ఒక రాగం, కట్ల పాఠానికి ఒక రాగం. వింటుంటే నా ఒళ్లు పులకరించేది.

పరీక్షలో డాక్టరమ్మ నా మేనకోడలిని ఒకటే అడిగింది. చేతికి కట్టు కట్టాక ఏమి చూడాలి? పిల్ల కళ్లు మూసుకుని, కట్టు అంటే ఏమిటో మొదటి వరుస నుంచి ఎత్తుకుంది. డాక్టరమ్మ ఆపి మళ్లీ అడిగింది. పిల్ల మళ్లీ మొదటి వరుస ఎత్తుకుంది. మూడోసారీ అంతే. పంపించెయ్యమన్నారు.

నేను మండిపడుతూ పోయాను. రోగుల అన్నాలు అయ్యాక ఆస్పత్రి వెనక వరండాలో అక్క కొత్తపిల్లలను కూర్చోబెట్టుకుని ఉంది.

"ఏందక్కా ఇది? పాఠమంతా గుక్క తిప్పుకోకుండా చెప్తాది పిల్ల. దానికి చదువు రాదంటారా?" అన్నాను.

"నువ్వు నేర్పిన రాగమేనా తమ్ముడూ? బాగుండాది. చచ్చేవాడి పక్కన పాడేదానికి పనికొస్తాది," అన్నది.

పిల్లలు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఆమె నన్ను పీట మీద కూర్చోబెట్టి, ఎడమచెయ్యి లాక్కుని, మణికట్టు నుంచి మోచేతి దాకా బిగించి కట్టు కట్టింది. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు ఈ ఏటి వానల గురించి మాట్లాడుతూ కూర్చుంది. కాసేపటికి నా వేళ్లు తిమ్మిరెక్కాయి. అప్పుడు నా మేనకోడలిని పిలిచి, నోరు మూసుకుని చేత్తో మాత్రమే చూడమన్నది. పిల్ల నా వేళ్లు పట్టుకుంది. వదిలి తన వేళ్లు పట్టుకుంది. మళ్లీ నావి పట్టుకుంది.

"మామా, నీ వేళ్లు సల్లగుండాయి. గోర్లు నల్లబడినాయి," అని, ఎవరూ చెప్పకుండానే కట్టు విప్పడం మొదలుపెట్టింది.

"రోగి మొదటి వరుస కాన్నుంచి రాడు తమ్ముడూ," అన్నది అక్క. "మధ్యలో వస్తాడు. మధ్యలో ఆపి అడిగితే చెప్పగలిగిందే చదువు."

వేదంలో, దొంగలు కొట్టి దారిలో పడేసినవాడి దగ్గర ఆగిన బాటసారి కూడా నేరుగా గాయం దగ్గరే మొదలుపెట్టాడు. ఇన్నేళ్లు ఆ కథ చెప్పి ఆ సంగతి నేను చూడలేదు.

ఆ రోజు నుంచి నేను తీరిక దొరికినప్పుడల్లా ఆ వరండాలో ఒక మూల కూర్చుని చూసేవాణ్ణి. పలకల కార్ఖానా వాళ్లు పక్కన పడేసిన విరిగిన పలకలు ఆమె అడిగి తెచ్చేది. పుస్తకం మూయించి, గుర్తున్నంత పలక మీద రాయించేది. తర్వాత పుస్తకం తెరిపించి, రాయకుండా పోయిందేదో దాన్నే మళ్లీ చదివించేది. వచ్చినదాన్నే పదిసార్లు చదివి మురిసిపోవద్దనేది. రోజుకు ఒక జబ్బు, ఒక మందు, ఒక పని. నిన్నటిదీ మొన్నటిదీ అడగకుండా కొత్తది ముట్టనిచ్చేది కాదు. నేర్చిన పాఠాన్ని వార్డులో ఉన్న ఒక అవ్వకు తెలుగులో చెప్పి రమ్మనేది. అవ్వ తల ఊపితే చాలదు, తిరిగి చెప్పాలి. ఆ అవ్వ ఒకసారి పాఠమంతా విని, ఇంతకీ నువ్వు చేతులు కడుక్కున్నావా పిల్లా అని అడిగిందట. అక్క ఆ మాట రోజూ చెప్పుకుని నవ్వేది.

ఒకతె వింటే పట్టుకుంటుంది, ఒకతె బొమ్మ గీసి చూపిస్తే పట్టుకుంటుంది, ఇంకొకతె చేసి చూస్తేగానీ పట్టుకోదు. చెవి పిల్ల, కన్ను పిల్ల, చెయ్యి పిల్ల అని వాళ్లకు పేర్లు పెట్టింది. ఏది గొప్ప అని ఏనాడూ అనలేదు. చెవి పిల్ల చేత కట్టు కట్టించేది, చెయ్యి పిల్ల చేత నోరు విప్పించేది. "ఒక్కోదానికి ఒక్కో వాకిట్లోంచి వస్తాది చదువు. మూసిన వాకిలి కాడ నిలబడి తిట్టబాకండి," అనేది.

నా మేనకోడలు చెయ్యి పిల్ల. పదిమందిలో ఆరుగురు తప్పారు. ఆరుగురికీ ఇంకో నెల గడువు కావాలని అక్క డాక్టరమ్మను బతిమాలి సాధించింది. ఆ నెలలో ఆమె నేర్పింది పదిరోజులే. పదకొండో రోజు మంచం పట్టింది. మంచం మీద నుంచే పిల్ల చేతికి తన చెయ్యి ఇచ్చి నాడి లెక్కపెట్టమనేది. చివరి రోజుల్లో పిల్ల భయపడి తక్కువ చేసి చెప్పింది.

"నేను బాధపడతానని అబద్ధం చెప్పబాక. ఉండేది చెప్పు," అన్నది అక్క.

పిల్ల ఏడుస్తూ ఉన్నది చెప్పింది. అక్క సరే అన్నట్టు కళ్లు మూసుకుంది.

సమాధి దగ్గర నుంచి నేరుగా వరండాకు పోయాను. ఆరుగురూ వరసగా కూర్చుని, ఊగుతూ, మొదటి వరుస నుంచి పాడుతున్నారు. నా రాగం. నా మేనకోడలు అందరికంటే గట్టిగా పాడుతోంది. మధ్యలో ఆపి అడగబోయాను. ఏమి అడగాలో నాకు తెలియలేదు. ఆ చదువు నాకు రాదు. ఆమె చోట నిలబడినావిడ నోట్సు చెప్పి వెళ్లిపోతుంది.

ఆ చదువు వచ్చినవాళ్లు మీరే. అక్క మంచం పట్టినప్పుడే మీకు ఉత్తరాలు రాశాను. సెలవు లేదన్నారు. బస్సు కుదరదన్నారు. వచ్చే నెల చూస్తామన్నారు. వచ్చే నెలకు అక్కడ పిల్లలు ఉండరు. మీరు వస్తారన్న నమ్మకం నాకు లేదు. విశ్వాసం, విశ్వాసం అని అరిచిన నోటితోనే ఈ మాట చెప్తున్నాను. అయినా ఈ కాగితం అచ్చు వేయిస్తున్నాను.

పరీక్ష గురువారం. ఇది మీ చేతికి అందేసరికి రెండు రోజులు మిగిలితే ఎక్కువ. పిల్ల నాయన అప్పుడే బండి కట్టుకుని వచ్చి ఆస్పత్రి గేటు బయట ఎడ్లు విప్పాడు. బండిలో గడ్డి పరిచి, దాని మీద దుప్పటి వేసి, పిల్ల కూర్చునేందుకు చోటు చేసి పెట్టుకున్నాడు. రేపు అనకండి. చేతిలో ఉన్న పని అక్కడ పెట్టి, ఈ రోజే, ఈ పూటే బయలుదేరండి.