మెట్ల లైటు పాఠం

ఈ ఏడే కంప్యూటరు డిగ్రీలో చేరిన మా పక్క ఫ్లాటు పిల్ల నిన్న సాయంత్రం మొహం వేలాడేసుకుని వచ్చి, రెండూ ఒకటి అయినప్పుడు జవాబు సున్నా ఎందుకు రావాలి అమ్మమ్మా అని అడిగేసరికి, పొయ్యి మీద పాలున్న సంగతే మరిచిపోయాను. పాలన్నీ పొంగిపోయాయి, అది వేరే విషయం. అదే ప్రశ్న ఒకప్పుడు నేనూ అడిగాను, మా మామగారిని, చిక్కడపల్లిలో మేముండే మేడ మెట్ల మీద.

కంప్యూటర్లు కొత్తగా వచ్చి సందుసందుకీ కోర్సుల బోర్డులు లేచిన రోజులు మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటాయి. ఆ రోజుల్లోనే నా భర్త జ్వరమని పడుకుని మళ్లీ లేవలేదు. కర్మలు ముగియగానే మా అన్నయ్య కాచిగూడ నుంచి వచ్చి నన్ను తీసుకుపోతానన్నాడు. మంచివాడే, కాదనను, కాని బతుకంతా వదిన వెనకాల వంటింట్లో నిలబడటం తలచుకుంటే నాకు గుండె జారిపోయేది. మామగారు బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, కొడుకు పోయాక ఎవరితోనూ పెదవి విప్పలేదు. ఆ రోజు మాత్రం, "ఆమె యాడికి పోదు. సదువుకుంటది, నౌకరి చేస్తది" అన్నారు. అని ఊరుకోక నారాయణగూడలో ఒక కోర్సులో చేర్పించారు. మొదటి పరీక్షే గణితం, అది తప్పానంటే ఇక అన్నయ్య ఇంటికే. నేనేమో బి.ఏ. తెలుగు!

నిజానికి ఆ కోర్సు పుస్తకంలో సగం ఆయనకూ కొత్తే. సమితులు తెలుసుగాని, అవునుకు ఒకటి, కాదుకు సున్నా వేసే ఈ లెక్కలు ఆయన చదువుకున్న రోజుల్లో ఎక్కడివి? మధ్యాహ్నం దాకా మంచం దిగని మనిషి, పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గ్రంథాలయానికి పోయి, అక్కడ తాను నేర్చుకున్నది సాయంత్రం నాకు చెప్పేవారు.

ఈ రెండు ఒకట్ల సున్నా మాత్రం ఎంతకీ నా బుర్రకెక్కలేదు. విసుగొచ్చి పుస్తకం మూసేస్తే, "లే బిడ్డా, జర ఇట్ల రా" అని నన్ను మెట్ల పైన నిలబెట్టి తాను కిందికి దిగారు. ఆ మెట్ల లైటుకు పైనొక స్విచ్చి, కిందొక స్విచ్చి. ఆయన కింద నొక్కి "ఎలిగిందా?" అనడం, నేను పైన నొక్కి "ఆరింది మామయ్యా" అనడం. స్విచ్చి పైకుంటే ఒకటి, కిందికుంటే సున్నా అనుకుంటే, రెండూ పైకున్నా చీకటే, రెండూ కిందికున్నా చీకటే, ఒకటి అటూ ఒకటి ఇటూ ఉంటేనే వెలుగు. ఎదురింటావిడ తలుపు తీసి చూసి, పాపం, దుఃఖంతో మామాకోడళ్లకు మతి చలించిందనుకుని, "కూసోండ్రి సార్, గట్ల పరేషాన్ కావొద్దు" అంటూ మంచినీళ్లు పట్టుకొచ్చింది. నా భర్త పోయాక ఆ ఇంట్లో నవ్వు వినిపించింది అప్పుడే. నవ్వుతూ నవ్వుతూనే ఇద్దరం మెట్ల మీద కూలబడి ఏడ్చాం.

పరీక్ష గట్టెక్కాను. బషీర్‌బాగ్‌లో ఉద్యోగమూ వచ్చింది. నాకు ఉద్యోగం వచ్చింది, మామగారికి పాఠం పోయింది. ఈ సంగతి అప్పుడెవరికి తట్టింది? పొద్దున్నే డబ్బా సర్దుకుని బస్సుకు పరుగెత్తేదాన్ని, తిరిగొచ్చేసరికి ఆయన మాసిన గడ్డంతో మళ్లీ అదే మంచం మీద ఉండేవారు. ఇంకేదన్నా కోర్సు చేయరాదా బిడ్డా అని అడిగారొకసారి. ఓపిక లేదు మామయ్యా అన్నాను, నిజంగానే ఉండేది కాదు. ఆ చలికాలం ఆయన దాటలేదు.

ఇప్పుడు మా అశోక్‌నగర్‌లో ఏ సందు తిరిగినా కోచింగు సెంటర్లే, ఏది కావాలన్నా ఫోనే విడమరిచి చెబుతుంది, ఇంట్లో పెద్దవాళ్లను అడగాల్సిన పని పిల్లలకు లేదు. వాళ్ల తప్పేముంది అందులో? నిన్న ఈ పిల్ల వచ్చింది కూడా ఫోను చార్జింగు అయిపోయిందనే, ఆ మాట తనే చెప్పింది. మెట్ల లైటు సంగతి చెప్పగానే చిటికెలో అర్థం చేసుకుని, థాంక్స్ అమ్మమ్మా అంటూ లేచింది. తర్వాతి లెక్క కూడా అప్పుడే చెప్పేయగలిగేదాన్నే, కాని చెప్పలేదు, రేపు రావే చెబుతానన్నాను. ఇవాళ మధ్యాహ్నం నుంచీ నా పాత కోర్సు పుస్తకమే తిరగేస్తూ, తలుపు ఓరగా తీసి పెట్టుకుని కూర్చున్నాను. వీధిలో లైట్లు కూడా వేశారు. ఫోను చార్జింగు ఎక్కే ఉంటుంది.