బాలయ్య బాపు తూకం నేర్చిన ఏడాది

సేర్లకు బదులు సర్కారు కొత్తగా తెచ్చిన కిలో తూకపు రాయిని అరచేతిలో పెట్టుకున్నాను. చల్లగా ఉంది, రంగు వాసన ఇంకా పోలేదు. ఎల్లారెడ్డి ఊళ్లో నేను లెక్కలు చూసే దుకాణంలో నా చుట్టూ ఉన్నవాళ్లు ఇది ఎన్ని సేర్లని, ఇందులో మోసమేమైనా ఉందా అని నన్ను అడుగుతున్నారు. నా లెక్కలు బడిలో నేర్చినవి కావు, మా పక్కింటి పెద్దాయన బాలయ్య బాపు దగ్గర మొదలైనవి. ఇలాంటి తికమక ఆయనతో కలిసి ఒకసారి పడ్డాను.

నిజాం కాలంలో మా ఊళ్లో ధాన్యమంతా తూచకుండా, కుంచం అనే కొలపాత్రతోనే కొలిచేవారు. ఎవరి కల్లానికైనా బాలయ్య బాపే రావాలి. మొదటి కుంచాన్ని ఒకటి అనడు, లాభం అంటాడు. ఆ తర్వాతే రెండు, మూడు. ఆయన కొలుస్తుంటే ఎవరూ మధ్యలో మాట్లాడేవారు కాదు.

నాకు ఇరవై ఏళ్లప్పుడు మా చెల్లె పెళ్లి కుదిరింది. ఆ ఏడు మా వరి తెగులుకు పోయింది. బియ్యం కామారెడ్డిలో కొనాలి, అక్కడి దుకాణాల్లో అంతా సేర్ల తూకమే. వంటకు ఎన్ని కుంచాలు కావాలో బాపుకు తెలుసు, ఎన్ని సేర్లో తెలియదు. అందుకని ఇంట్లో ఉన్న కుంచెడు వడ్లు తూయించి, ఆ ప్రకారం లెక్క కట్టి చెప్పాడు. నేను అన్ని సేర్లు కొని బండి మీద తెచ్చాను.

పెళ్లి ముందురోజు పొద్దున బాపు ఆ బియ్యం కొలిచాడు. కుప్ప అయిపోయింది, లెక్క మాత్రం కావలసిన కుంచాల్లో ముప్పావు దగ్గరే ఆగింది. తెల్లవారితే మాచారెడ్డి నుంచి మగపెళ్లివారు దిగుతారు. బంతి భోజనంలో అన్నం చాలకపోతే ఆ మాట చెల్లె అత్తింట్లో జన్మంతా పడాలి. అమ్మ కూలబడింది. మా మేనమామ, కామారెడ్డి సావుకారే మోసం చేశాడని, పోయి నిలదీస్తానని కర్ర అందుకున్నాడు.

బాపు మానెడు వడ్లు ఒక గుడ్డలో, మానెడు బియ్యం ఇంకో గుడ్డలో మూటగట్టించి, చెరో చేత్తో లేపి చూశాడు. మూటలు దించి మామ వైపు తిరిగాడు.

“సావుకారును ఏమనకుండ్రి. వడ్లు తేలిక, బియ్యం బరువు. కుంచం ఒక్కటే గదా అని రెండిటికి ఒకటే తూకం పట్టిన. తప్పు నాది.”

గంప పట్టుకుని చేబదులుకు తనే బయల్దేరాడు. నేను వెంట నడిచాను. ప్రతి గడప దగ్గర ముందు తన తప్పు చెప్పి, తర్వాతే బియ్యం అడిగాడు. ఇంటింటా ఎందుకు చెప్పడం అన్నాను.

“చెప్పకుంటే సావుకారు మీదికి పోతది గద బిడ్డా.”

పొద్దుగూకేసరికి లెక్క నిండింది. మర్నాడు బంతిలో అన్నం మిగిలింది కూడా.

పెళ్లయ్యాక ఆయన ఒక తక్కెడ అడిగి తెచ్చి అరుగు మీద పెట్టాడు. వడ్లు, బియ్యం, జొన్నలు, పెసర్లు మానెడేసి పోసి విడివిడిగా తూచాం. దారిన పోయే ఒకాయన, ముసలితనంలో బడి పెట్టుకున్నవా బాపూ అని నవ్వాడు. “పెట్టుకున్న. నీకు గూడ జాగ ఉన్నది, రా,” అన్నాడు బాపు. ఆయన వచ్చి కూర్చున్నాడు. తర్వాత మరికొందరు వచ్చారు. కోతలయ్యాక కొలవడానికి మళ్లీ బాపును పిలుస్తారో లేదోనని నాకు బెంగగా ఉండేది. పిలిచారు.

ఇప్పుడు నా లెక్క తప్పితే ఎవరూ అడగకముందే చెబుతాను. చెప్పడం నాకు ఇప్పటికీ తేలిక కాదు. బాపుకు కష్టమైనట్టు కనబడలేదు. ఆ రోజు మొదటి గడప ఎక్కబోయే ముందు మాత్రం, ఏ బరువూ లేని ఆ ఖాళీ గంపను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.