ఓడలో రెండు బంతులు

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టేంత వయసు నీకెక్కడిదని మా ఆయన వెక్కిరిస్తాడు. కానీ కొంపల్లి మెయిన్ రోడ్డు మీద ఇన్ని బిర్యానీ హోటళ్ళు లేని కాలం నాకు బాగానే గుర్తుంది కాబట్టి ధైర్యంగా అనేస్తాను. ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. డిగ్రీ అయిపోయి, దూలపల్లి నుంచి స్కూటీ మీద వచ్చి, ఒక ట్రావెల్స్ ఆఫీసులో తిరిగే కుర్చీలో కూర్చున్నాను. మెడలో వేలాడే కార్డు మీద 'క్రూయిజ్ స్పెషలిస్ట్' అని రాసి ఉండేది. అప్పటికి నేను చూసిన అతి పెద్ద నీళ్ళు షామీర్‌పేట చెరువు. ఎక్కిన అతి పెద్ద నౌక కాళ్ళతో తొక్కే పడవ (అది కూడా నడుమ ఆగిపోతే ఇంకొకాయన తాడు కట్టి ఒడ్డుకు లాక్కొచ్చాడు). అయినా ఓడల కంపెనీ పంపిన వీడియోలన్నీ చూసేసి, "సముద్రం మీద సూర్యాస్తమయం ఒక అనుభూతి సార్!" అని ఫోన్లో కళ్ళు మూసుకుని మరీ చెప్పేదాన్ని. ఎదుటివాళ్ళకు నా కళ్ళు కనిపించవు కదా అన్న ఆలోచన నాకు రాలేదు.

నా మొదటి పెద్ద బేరం మా మేనమామలు. మా అమ్మ పుట్టిల్లు షామీర్‌పేట పక్కన ఊరు. పెద్ద మామ ఒకప్పుడు సర్పంచ్. ఆయన తెల్ల కారు ముందు ఎర్ర పలక ఉండేది, దాని మీద 'సర్పంచ్' అన్నది ఆమడ దూరానికి కనిపించేది. దానికి ముందున్న 'మాజీ' చదవాలంటే మాత్రం బానెట్ మీదికి వంగాలి. చిన్న మామది ప్లాట్ల వ్యాపారం. ఆయన నోట ఏ ఊరైనా రింగు రోడ్డుకు పది నిమిషాల దూరంలోనే ఉండేది. వీళ్ళిద్దరికీ మాటల్లేవు. ఒక పంచాయతీ ఎన్నికల్లో పెద్ద మామ మళ్ళీ నిలబడితే, "అన్నే ఎందుకుండాలె, నేనెందుకుండద్దు?" అని చిన్న మామ కూడా నామినేషన్ వేశాడు. అన్నదమ్ముల ఓట్లు రెండుగా చీలి, ఎవరూ లెక్కలోకి తీసుకోని కల్లు దుకాణం ఆయన గెలిచి కూర్చున్నాడు. ఆ రోజు నుంచి ఒకరు మొదటి బంతిలో తింటే ఇంకొకరు రెండో బంతిలో తినేవారు (బంతి అంటే ఆడుకునేది కాదు, భోజనాల వరుస). మా వైపు ఏ పెళ్ళయినా వంటవాళ్ళు ముందు అడిగేది ఉప్పు ఎంతని కాదు, ఈ ఇద్దరిలో ఎవరు ముందని. వాళ్ళ భార్యలు, అంటే మా అత్తలిద్దరూ, ఈ గొడవ పట్టకుండా రోజూ ఫోన్లో ముచ్చట్లు పెట్టుకునేవారు. అది వేరే సంగతి.

ఇట్లా ఉండగా మా అవ్వకు, అంటే ఆ ఇద్దరినీ మా అమ్మనూ కన్న తల్లికి, టీవీలో ఏదో చూసి సముద్రం మీద మనసు పోయింది. "గిన్నేండ్లొచ్చినయి, సముద్రమెట్లుంటదో జూడకపోతిని" అని ఒకసారి అంది. పెద్ద మామ నేను తీసుకుపోతానన్నాడు. అత్తల ఫోన్ల ద్వారా ఆ మాట చిన్న మామకు చేరగానే నేనూ తీసుకుపోతానన్నాడు. తల్లి ఒక్కతే, ఓడ ఒక్కటే. చెన్నై నుంచి శ్రీలంక దాకా వెళ్ళి వచ్చే ఓడలో అందరికీ గదులు తీసుకుని, అవ్వకు తోడుగా నన్ను కూడా పంపాలని తీర్మానమైంది. మా ఆఫీసు మేడమ్ సంతోషంతో నాకు చాయ్ తెప్పించింది.

అసలు కథ భోజనం టైము దగ్గర మొదలైంది. పెద్ద మామ ఆఫీసుకు వచ్చి, నా ఎదుట కుర్చీ నిండా కూర్చుని, కంప్యూటర్ వెనక భాగాన్ని దీక్షగా చూస్తూ అడిగాడు.

"గా ఫిక్సెడ్ డిన్నరంటే ఏంది బిడ్డా?"

"రోజు ఒకటే టైముకు పోవాలె మామా. మన బల్ల మనకే ఉంటది. వడ్డించేటాయన గూడ రోజు ఆయనే."

"మరి ఫ్లెక్సిబుల్?"

"ఎప్పుడాకలైతె అప్పుడు పోవచ్చు. బల్ల ఖాళీ ఉంటె కూసుంటం, లేకుంటె జెరసేపు నిలవడాలె."

"నిలవడాలెనా?" మామ మీసం కదిలింది. "సర్పంచ్ జేసినోన్ని, బువ్వ కోసం లైన్ల నిలవడాలెనా? మన తాన ఫంక్షన్ హాళ్లల్ల పల్లెం వట్టుకోని తిరుగుడే నాకు నచ్చది. ఫిక్సెడే రాయి."

"ఫిక్సెడ్ల మళ్ల రెండు టైములుంటయి మామా. పొద్దు గూకంగనే ఒకటి, ఆ తర్వాత ఒకటి."

"అంటే రెండు బంతులు. గట్ల జెప్పు మరి! మొదటి బంతి రాయి. మా అమ్మను గూడ నా బల్లకే రాయి."

ఆయన కారు కదిలిందో లేదో చిన్న మామ ఫోన్. రోడ్డుకు అవతల ఇరానీ చాయ్ హోటల్ ముందు తన కారులోనే కూర్చుని, అన్న ఎప్పుడు పోతాడా అని చూస్తున్నాడట. "మా అన్న ఏది తీసుకుండు?" అన్నాడు. కస్టమర్ వివరాలు బయటికి చెప్పకూడదని వీడియోలో చూశాను కాబట్టి గంభీరంగా ఊరుకున్నాను. "నువ్వు జెప్పకున్నా నాకెర్కే. మొదటి బంతే అయ్యుంటది. నాకు రెండోది రాయి. అమ్మ నా తాన్నే తింటది" అని పెట్టేశాడు.

కంప్యూటరుకు మా ఇంటి రాజకీయాలు తెలియవు. ఒక మనిషికి ఒక బల్లే ఇస్తానంది. ఆ సాయంత్రం ఇంట్లో చెబితే మా అమ్మ గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. "చూడు, అవ్వను ఎవ్వని దిక్కు రాసినా రెండోవాడు నా బిడ్డే జేసిందంటడు. ఇగ నాకు పుట్టిల్లు సగమే మిగుల్తది" అంది. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. అంతదాకా నాకు అదంతా నవ్వులాటగానే ఉంది. అప్పుడు మాత్రం భయమేసింది. నేరుగా అవ్వ ఊరికి వెళ్ళి ఆమెనే అడిగాను. అవ్వ వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. తల కూడా ఎత్తకుండా, "రెండిట్ల రాయి. ఇద్దరు నా కడుపుల వుట్టినోళ్లే గదా" అంది. కంపెనీ వాళ్ళను బతిమాలి, అవ్వ పేరు మొదటి బంతిలో రాయించి, రెండో బంతిలో ఆమెకు ఇంకో కుర్చీ వేసేటట్టు ఒప్పించాను. సమస్యలను ఇట్లా పరిష్కరించే మనిషి మా వంశంలోనే పుట్టలేదని ఆ పూటంతా నన్ను నేను మెచ్చుకున్నాను. అవ్వతో పాటు నేను కూడా రెండుసార్లు తినాల్సి ఉంటుందని అప్పటికి తట్టలేదు.

ఓడ కదిలి తీరం కనుమరుగయ్యాక అవ్వ రెయిలింగ్ పట్టుకుని చాలాసేపు చూసింది. నా వీడియో జ్ఞానంతో "ఎట్లనిపిస్తాంది అవ్వా?" అని అడిగాను, 'అనుభూతి' అంటుందేమోనని. "గిన్ని నీళ్లు వెట్టుకోని ఒక్క మడి గూడ నాటెయ్యలే, ఏం మనుషులో" అంది.

మొదటి సాయంత్రం మొదటి బంతి. పెద్ద మామ ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా వేసుకుని, పక్క బల్లల వాళ్ళందరికీ చేతులు జోడిస్తూ వచ్చాడు (వాళ్ళలో ఒక్కరికీ మా ఊళ్ళో ఓటు లేదు). వడ్డించే అబ్బాయి కుర్చీ లాగి పట్టుకోగానే, "చూసినవా బిడ్డా, మర్యాదంటే గిదీ" అన్నాడు. అవ్వ ఇంటి దగ్గర దీపాల వేళకు ఒక జొన్నరొట్టె తిని పడుకునే మనిషి. సూపు తాగి, కాస్త అన్నం తిని చేయి ఆపింది. మామ ముఖం మాడింది. "ఏందమ్మా, గంతనేనా? రెండో బంతి కోసం జాగ వెట్టుకుంటున్నవా?" అన్నాడు. అవ్వ ఇంకో రెండు ముద్దలు మింగింది. అవ్వ తింటుంటే నేను తినకపోతే బాగుండదని నేనూ మింగాను.

రెండో బంతిలో చిన్న మామ. అప్పటికే పక్క బల్ల దగ్గరున్న చెన్నై కుటుంబానికి ఫోన్లో ప్లాట్ల ఫొటోలు చూపిస్తూ, నడిసముద్రంలో కూర్చుని, "రింగు రోడ్డుకు పది నిమిషాలే" అని చెబుతున్నాడు. మమ్మల్ని చూడగానే లేచి, తల్లిని కూర్చోబెట్టి, పళ్ళెం నింపించాడు. అవ్వ మెతుకులు కెలుకుతుంటే, "ఏం తింటలేవు? ఆడ కడుపు నిండ తినొచ్చినవా? నా తాన తినబుద్ధి గాదా?" అన్నాడు. ఆ గొంతులో కోపం కంటే బాధే ఎక్కువగా ఉంది. నడివయసు దాటి, బట్టతల వచ్చిన మనిషి అట్లా అడుగుతుంటే నేను ఇబ్బందిగా నవ్వి, "నాకు ఇప్పుడే ఆకలైతాంది మామా" అని రెండో సూపు కూడా తాగేశాను. మరునాడు కూడా ఇదే తంతు. ఎవరి బల్ల దగ్గర ఎన్ని ముద్దలు తిందన్నది ఓట్ల లెక్కింపులాగా సాగింది. అత్తలిద్దరూ మాత్రం పగలంతా డెక్కు మీద పక్కపక్కనే కూర్చుని చాయ్ తాగుతూ నవ్వుకుంటూనే ఉన్నారు.

ఆ మరుసటి రోజు సాయంత్రానికి సముద్రం ఊపుకూ, నాలోని భోజనాలకూ పొత్తు కుదరలేదు. క్రూయిజ్ స్పెషలిస్ట్ బాత్రూం తలుపు పట్టుకుని వేలాడింది. అవ్వ నా నుదుటి మీద చెయ్యి వేసి, "నువ్వు పండు బిడ్డా, నాకు తొవ్వ తెల్సింది, నేను వోతా" అని వెళ్ళిపోయింది. నేను కళ్ళు మూసుకున్నాను. మళ్ళీ తెరిచేసరికి ఎవరో తలుపు బాదుతున్నారు. తీస్తే గుమ్మంలో మామలిద్దరూ పక్కపక్కన!

"అమ్మేది?" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"మీ తాన లేదా?" అన్నాను. ఎవరిని అడిగానో నాకే తెలియదు.

జరిగింది ఇదీ. మొదటి బంతిలో అవ్వ రాకపోయేసరికి, చిన్నకొడుకు కోసం ఆకలి దాచుకుంటోందని పెద్ద మామ అలిగి, ఏమీ ముట్టకుండా లేచిపోయాడు. రెండో బంతిలోనూ రాకపోయేసరికి, పెద్దకొడుకు దగ్గరే కడుపు నిండిందని చిన్న మామ అలిగాడు. చివరికి అత్తలిద్దరూ ఎదురుపడి మాట్లాడుకుంటే అవ్వ ఎక్కడా లేదని తేలింది. చుట్టూ నీళ్ళు. చిన్న మామ ముఖంలో నెత్తురు చుక్క లేదు. నేను కడుపు పట్టుకుని ముందు, వాళ్ళు వెనక. థియేటర్ చూశాం, దుకాణాలు చూశాం, డెక్కు మీద ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తాం. ఓడ వాళ్ళు మైకులో అవ్వ పేరు పిలిచారు (ఆ ఉచ్చారణకు అవ్వ కాదు కదా, ఆమెకు పేరు పెట్టినవాళ్ళు కూడా పలికి ఉండరు). పై అంతస్తుకు మెట్లెక్కుతుంటే పెద్ద మామకు ఆయాసం వచ్చి ఆగిపోయాడు. చిన్న మామ వెనక్కి వచ్చి మోచేయి పట్టుకున్నాడు. ఆయన విడిపించుకోలేదు.

పైన ఎవరెప్పుడొచ్చినా తినే పెద్ద హాలుంది. అద్దాల పక్కన అవ్వ కూర్చుని ఉంది. ఎదురుగా తన వయసుదే ఒక అరవ ముసలామె. ఈమెకు తమిళం రాదు, ఆమెకు తెలుగు రాదు. ఇద్దరూ కలిసి పెరుగన్నంలో అవ్వ ఇంటి నుంచి తెచ్చిన మామిడికాయ తొక్కు నంజుకుంటూ, ఎవరి భాషలో వాళ్ళు కోడళ్ళ గురించి చెప్పుకుంటున్నారు (చేతుల తిప్పుడు చూస్తే తెలిసిపోయింది).

"అమ్మా! గిట్ల చెప్పకుండ వస్తరా? మేమెంత పరేషానైనమో తెల్సా?" అన్నాడు పెద్ద మామ.

అవ్వ తాపీగా ముద్ద మింగింది. "ఆకలైంది, తింటున్న. గీడ ఎవ్వలు అడుగుతలేరు, ఎంత తిన్నవ్, ఎవ్వని తాన తిన్నవ్ అని. గీ బువ్వనే మంచిగున్నది." తర్వాత ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. "మీరు తిన్నరా?"

ఇద్దరూ తల అడ్డంగా ఊపారు. "పోండ్రి, పల్లాలు వట్టుకరాండ్రి" అంది, బడికి ఆలస్యమైన పిల్లలతో అన్నట్టు. అప్పుడు చూశాను ఆ దృశ్యం. మాజీ సర్పంచ్ చేతిలో పళ్ళెంతో లైనులో నిలబడ్డాడు. వెనకే తమ్ముడు. వచ్చి అవ్వకు చెరోవైపు కూర్చున్నారు.

"అమ్మా, గా పెరుగు గిన్నె ఇటు జరుపమను వాన్ని" అన్నాడు పెద్ద మామ.

"వానికి చెవులున్నయి. నువ్వే అడుగు."

పెద్ద మామ గొంతు సవరించుకున్నాడు. ఎన్నికల ప్రచారంలో కూడా అంతసేపు సవరించుకుని ఉండడు. "పెరుగు" అన్నాడు.

"ఇగో" అన్నాడు చిన్న మామ.

అన్నేళ్ళ తర్వాత అన్నదమ్ములు మాట్లాడుకున్నది అంతే. అరవ ముసలామె మాత్రం ఏం అర్థమైందో, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఊరికి వచ్చాక పెద్ద మామ రచ్చబండ దగ్గర, "నేను మొదటిసంది ఫ్లెక్సిబులే అంటున్న, మా మేనకోడలే ఇనలే" అని చెప్పాడట. తర్వాతి ఎన్నికల్లో అన్న నిలబడితే తమ్ముడు పక్కనుండి ప్రచారం చేశాడు. ఈసారి ఓట్లు చీలకపోయినా కల్లు దుకాణం ఆయనే గెలిచాడు. ఓడిన రోజు ఇద్దరూ ఒకే బంతిలో కూర్చుని తిన్నారని మా అమ్మ మురిసిపోయింది.

ఇప్పుడు నాకు సొంత ఆఫీసుంది, యాప్రాల్‌లో ఫ్లాటుంది. ఆ తర్వాత ఇంకా ఓడలు చాలానే ఎక్కాను. డిన్నర్ ఫిక్సెడా, ఫ్లెక్సిబులా అని ఎవరైనా అడిగితే, "ఎవరెవరు వెళ్తున్నారండీ?" అని ముందు అడుగుతాను. ఈమెకెందుకు అన్నట్టు చూస్తారు. అవ్వ పోయి రెండేళ్ళవుతోంది. ఇంట్లో మా ఆయన తినే వేళ వేరు, నేను తినే వేళ వేరు, ఎవరి పళ్ళెం వాళ్ళదే, ఎవరి ఫోను వాళ్ళదే. నేను తిన్నానా లేదా అని అలిగేవాళ్ళు లేరు, ఇంకో ముద్ద తినమనేవాళ్ళూ, కనబడకపోతే ఓడంతా వెతికేవాళ్ళూ లేరు. ఎందుకు సరిగ్గా తినడం లేదని ఎవరైనా అడిగితే డైటింగ్ చేస్తున్నానని చెబుతున్నాను.