ఒకే ఇంటోళ్ళు ఒకే షిఫ్టుకు దిగొద్దు

ఉస్తాద్ పోయిన సంగతి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో మా సేటు పెట్టిన మెసేజీతో తెలిసింది. "మన ఉస్తాద్ గుండెపోటుతో పోయిండు. లోడింగ్ ఆపకుండ్రి." రెండు ముక్కలూ ఒకే మెసేజీలో. దాని కింద డ్రైవర్లు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఏ ముక్కకు దండం పెట్టారో నాకు తెలియదు.

గోదావరిఖనిలో మాది బొగ్గు, బూడిద తోలే లారీల ఆఫీసు. ఉస్తాద్ మా కంప్యూటర్లు చూసేవాడు. వయసులో ఉన్నప్పుడు రేడియోలు, లారీల వైరింగు బాగుచేస్తే వచ్చిన పేరు అది. పోయినవాడు కదా అని మంచివాడని రాయలేను. నోరు చెడ్డది. నేను చేరిన మొదటి రోజే కీబోర్డు మీద నా వేళ్ళు చూసి, "ఏంది బిడ్డా, వడియాలు పెడుతున్నవా?" అన్నాడు అందరి ముందూ. నేను బాత్రూములో ఏడ్చి వచ్చాను. "అయిపోయిందా? ఇగ రా, నేర్పుత" అని కుర్చీ జరిపాడు, సాసర్లో చాయ పోసి ఇచ్చాడు. తిట్టిన ప్రతిసారీ చాయ వచ్చేది. ఆ ఆఫీసులో నేను తాగినంత చాయ ఎవరూ తాగి ఉండరు. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆ తిట్లలోంచి వచ్చిందే.

మా పాత సర్వర్లు మొరాయిస్తున్న కాలం. లారీలు తూచే కాంటా స్లిప్పులకొకటి, లారీ ట్రిప్పులకొకటి, జీతాలకొకటి ఉండేవి. అన్నిటినీ ఒక్క పెట్టెలో, వేరువేరు కంప్యూటర్లు ఉన్నట్టే నడిపించే సాఫ్ట్‌వేర్ ఉంటుందని, దాన్ని వర్చువలైజేషన్ అంటారని సేటుకు ఎవరో చెప్పారు. అందులో 'ఒక్క పెట్టె' అన్న మాట మాత్రమే ఆయన చెవికెక్కింది. ఏది తేవాలో తేల్చే పని ఉస్తాద్ మీద పెట్టి, "ఇది ఆగిందనుకో, నువ్వు ఇంటికే" అన్నాడు. ఇంట్లో ఉస్తాద్‌కు ముసలి తల్లి తప్ప ఎవరూ లేరు. ఇద్దరికీ ఆ జీతమే ఆధారం.

హైదరాబాదు నుంచి అమ్మేవాళ్ళు దిగారు. ఒకరిది పేరుమోసిన సరుకు, ఏటేటా లైసెన్సు కట్టాలి. ఇంకొకరిది మా పాత సాఫ్ట్‌వేర్‌తో చక్కగా కలిసిపోతుందట. ఉస్తాద్ ఎవరినీ స్లైడ్లు చూపనివ్వలేదు. నడుస్తున్న మెషిన్ ప్లగ్గు వాళ్ళ కళ్ళ ముందే పీకేసేవాడు. "పడితే దానంతట అదే లేస్తదన్నవ్ గద. లెవ్వమను." టై కట్టుకొచ్చిన ఒకతని డెమో లేవలేదు. అతను చెమట తుడుచుకుంటూ ఫోన్లు చేస్తుంటే ఉస్తాద్ ఎదురుగా కూర్చుని పల్లీలు తిన్నాడు. నాకు ఒళ్ళు మండింది. బయటకొచ్చాక అదే అన్నాను. "ఇయ్యాల నేను పీకకుంటే, రేపు కరెంటోడు పీకుతడు" అన్నాడు.

చివరకు లైసెన్సు గొడవ లేకుండా ఊరికే దొరికే ప్లాట్‌ఫాం ఎంచాడు. మిగిలిన పైసలతో మెషిన్లు రెండు కొనాలన్నాడు. ఒకటి ఆఫీసులో, ఒకటి యార్డు అవతల వర్క్‌షాపులో. రెంటిలో ఏది బతికుందో కనిపెట్టే చిన్న పెట్టె ఇంకోటి కాంటా గదిలో.

"రెండూ ఏసీ గదిలనే పెట్టరాదు? అంత దూరం వైరెందుకు?" అన్నాడు సేటు.

"ఒకే ఇంటోళ్ళు ఒకే షిఫ్టుకు దిగొద్దు, సేట్."

సేటు చెక్కు మీద సంతకం పెట్టాడు. మా బొగ్గుబాయి కాలనీల్లో అది ఆడవాళ్ళ పట్టింపు. తండ్రీకొడుకులు గానీ అన్నదమ్ములు గానీ, ఒకరు గని నుంచి పైకి వచ్చాకే ఇంకొకరు దిగాలి. ఉస్తాద్ ఇంట్లో అది ఒక్కసారి తప్పింది. పండుగకు ఇద్దరం కలిసి ఇంటికి వస్తామని చెప్పి ఉస్తాద్ వాళ్ళన్న షిఫ్టు మార్చుకుని తండ్రితో పాటు దిగాడు. బాయిలో పైకప్పు కూలింది. ఇద్దరూ కలిసే ఇంటికి వచ్చారు. అయ్య పోతే కొడుకు డ్యూటీ ఎక్కడం మా దగ్గర మామూలే, ఆ నౌకరీ ఉస్తాద్‌కు రావాలి. తల్లి ఒప్పుకోలేదు. "వీణ్ణి మాత్రం దించ" అంది. చేతికొచ్చిన నౌకరీ కాలదన్నిందని కాలనీ అంతా ఆమెను పిచ్చిదన్నారు. ఉస్తాద్ రేడియోల దుకాణంలో పనికి కుదిరాడు.

ఆ వానాకాలం పిడుగు పడి ఆఫీసు మెషిన్ కాలిపోయింది. వర్క్‌షాపులోది పని అందుకుంది. కాంటా మీదున్న డ్రైవరుకు స్లిప్పు కాస్త ఆలస్యంగా వచ్చింది, అంతే. సేటు మిఠాయి పంచాడు. ఆ నెలాఖరుకు ఉస్తాద్‌ను పిలిచి, "ఇగ దానంతట అదే చూసుకుంటది గద. చిన్నచిన్న పనులకు ఈ పిల్ల ఉండనే ఉంది. నువ్వు ఆరాం చెయ్యి" అన్నాడు.

పిల్లంటే నేను. నేనూ మానేస్తానని ఉస్తాద్ వెనకాలే గేటు దాకా పోయాను. "పాగల్! ఒకటి పడితే ఇంకోటి నిలబడాలె. నిన్ను గందుకే తయారుచేసిన" అని కసిరాడు. తర్వాత నవ్వాడు. "చూసినవా బిడ్డా, సేటు ప్లగ్గు పీకిండు. పని ఆగలే." స్కూటరు తన్ని వెళ్ళిపోయాడు. ఆ రోజు మాత్రం చాయ ఇవ్వలేదు.

సేటు మెసేజీ చూసి నేను వాళ్ళింటికి చేరేసరికి జనాజా, ఆయన్ను మోసుకెళ్ళే పాడె, సిద్ధంగా ఉంది. సేటు పూలచాదర్ తెచ్చాడు. "ఎంత పక్కాగ పెట్టిపోయిండమ్మా! ఇయ్యాల గూడ మన పని ఒక్క నిమిషం ఆగలే" అన్నాడు నాతో, మెచ్చుకుంటూ. నీ నోట్లో మన్ను పడ అనుకున్నాను. కానీ ఆయన అన్నది నిజమే.

తల్లి గడప దగ్గర కూర్చుంది. కొన్నేళ్ళుగా ఆమెకు జ్ఞాపకం సరిగా లేదు. జనాజా లేపబోతుంటే దాని కర్రను గట్టిగా పట్టుకుంది. ఎవరెన్ని చెప్పినా వదల్లేదు. నేను పక్కన కూర్చుంటే నా వైపు తిరిగింది.

"దించుతున్నరా బిడ్డా, నా కొడుకును?"

"అవునమ్మీ" అన్నాను.

"వానితోని ఇంకెవరు దిగుతున్నరు?"

"ఎవ్వరు లేరమ్మీ. ఒక్కడే."

"అచ్చా" అంది. చెయ్యి వదిలేసింది.