బారువలో రూతు కనిపించలేదు

ఇవాళ టెక్కలి సంతలో ఎండుచేపల వాసన తగలగానే కాళ్లు ఆగిపోయాయి. ఏడో తరగతి వేసవి సెలవుల్లో నువ్వూ నేనూ రూతూ ఇంట్లో చెప్పకుండా జలంత్రకోట నుంచి బారువకు సైకిళ్ల మీద వెళ్లిన రోజు గుర్తుందా పార్వతీ?

దారిలో జీడితోటల్లో పళ్లు తిని, గౌన్ల నిండా పోని మరకలతో సముద్రం చేరాం. అల ముంచేస్తే ఉప్పునీళ్లు మింగి నేను కక్కుకున్నాను. ముఖం తుడుచుకుని చూస్తే రూతు లేదు. అలల అంచున తన చెప్పులు మాత్రం ఉన్నాయి.

పడవల చాటునా, ఎండబెట్టిన చేపల మధ్యా ఏడుస్తూ వెతికాం.

"రూతు ఏదీ అని ఆళ్లమ్మ అడిగితే ఏటి సెప్తామే?" అంటూ నువ్వు ఇసుకలో కూలబడ్డావు. నేను మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి గొంతు పోయేదాకా పిలిచాను. ఇక ఇంటికి వెళ్లకూడదనే అనుకున్నాను.

అప్పుడు ఊరి వైపు నుంచి రెండు చేతులా చెంబు పట్టుకుని, తొణక్కుండా నడిచొస్తూ రూతు కనిపించింది. పరుగున వెళ్లి చెంప మీద కొట్టాను. నీళ్లు సగం ఒలికిపోయాయి.

"ఎందుకే కొట్టినావు? నువ్వు కక్కీసినావని ఇల్లిల్లూ తిరిగి మంచినీళ్లు అట్టుకొచ్చినాను" అంది.

ఆ దెబ్బకు ఇంతవరకూ రూతుకు క్షమాపణ చెప్పలేదు, పార్వతీ.